నాదోపాసకుడు పాబ్లో కజాల్స్

వాద్యం నేర్చినవారు వేలకొలది ఉంటారు. వాద్యం వశమైనవారు ఏ తరంలోనైనా వ్రేళ్ళమీద లెక్కింపదగినంతమందే ఉంటారు. ఈ ఇరుతెగల నడుమ గల అంతరాన్ని కొందరు ప్రతిభ అన్నారు. మరికొందరు పూర్వజన్మ సుకృతమని సరిపెట్టుకున్నారు. కాని ఒక మహావాద్యకారుని జీవితాన్ని ఆద్యంతం పరిశీలించినప్పుడు ఆ అంతరానికి మరొక పేరు కూడా ఉన్నదని తెలుస్తుంది. అది సాధన. ఏనాటికానాడు మొదటినుండి మొదలుపెట్టగల ఓపిక, తాను చేస్తున్న పనిని తానే పరీక్షించుకోగల వివేకం, ఈ రెండూ కలిసినదే నిజమైన సాధన. పాబ్లో కజాల్స్ చరిత్ర అందుకు చక్కని నిదర్శనం.

కజాల్స్ 1876 డిసెంబరు 29వ తేదీన స్పెయిన్ దేశంలోని కటలోనియా రాష్ట్రంలో, ఎల్ వెండ్రెల్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. కటలాన్ భాషలో ఆయన పేరు పావ్. తండ్రి కార్లెస్ కజాల్స్ ఆ ఊరి చర్చిలో ఆర్గన్ వాద్యకారుడు, గాయకబృందానికి గురువు. తల్లి పిలార్ దెఫిల్యో. ఆమె పుట్టినచోటు అట్లాంటిక్ సముద్రానికి ఆవల ఉన్న పోర్టో రికో ద్వీపం. సంపద లేని ఇల్లు. సంగీతానికి మాత్రం కొరతలేని ఇల్లు. పిల్లవాడు మాటలతోపాటే స్వరాలనూ నేర్చాడు. ఐదేండ్లనాటికే చర్చి బృందంలో పాడేవాడు. పియానో, వయొలిన్ తండ్రివద్దనే అభ్యసించాడు. ఆర్గన్ నేర్పుమని ఎంత వేడినా, కాళ్ళు క్రింది మీటలకు అందేవరకు తండ్రి ఒప్పుకొనలేదు.

ఒకసారి ఆ ఊరికి సంచారగాయకులు వచ్చారు. వారిలో ఒకడు చీపురుకర్రవంటి దానికి తీగ బిగించి వింతవాద్యం ఒకటి వాయించాడు. బాలునికి మనస్సంతా దానిమీదనే నిలిచింది. తండ్రి ఎండిన సొరకాయ బుర్రకు కర్ర బిగించి, ఒకే తీగ కట్టి, అటువంటిది ఒకటి చేసియిచ్చాడు. మన పల్లెలలో సొరబుర్రతో చేసిన ఒంటితీగ వాద్యాలను ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. ఆ ఒక్క తీగమీదనే ఆ బాలుడు తెలిసిన పాటలన్నీ పలికించాడు. ఉత్తరోత్తరా ప్రపంచప్రఖ్యాతి వచ్చినపుడు సైతం ఆ సొరకాయ వాద్యాన్ని ఆయన పారవేయక భద్రపరచుకున్నాడు.

కజాల్స్ తొలిసారి చెల్లోను విన్నది 1888లో. బార్సెలోనా నగరంనుండి జుజేప్ గార్సియా అనే విద్వాంసుడు వెండ్రెల్ వచ్చి కచేరి చేశాడు. చెల్లో వయొలిన్ కుటుంబంలోనిదే; ఐతే పరిమాణంలో చాల పెద్దది. వాద్యకారుడు ఆసనంపై కూర్చుండి, దానిని మోకాళ్ళ నడుమ నిలిపి, నాలుగు తీగలపై కమాను నడుపుతాడు. దాని నాదం మంద్రగంభీరమై, మనుష్యకంఠానికి మిక్కిలి సన్నిహితంగా ఉంటుంది. పదకొండేండ్ల బాలునికి ఆనాడే తన వాద్యం ఏదో నిశ్చయమైపోయింది. తండ్రికి మాత్రం అనుమానం తీరలేదు. సంగీతంతో కడుపు నిండదని ఆయనకు అనుభవపూర్వకంగా తెలుసు. కుమారుని వడ్రంగి పనిలో పెట్టవలెనని ఆయన తలపోశాడు. తల్లి అందుకు సమ్మతింపలేదు. దంపతుల నడుమ ఈ విషయమై చాల ఘర్షణ జరిగింది. చివరకు తల్లి మాటయే నెగ్గింది. ఆమె స్వయంగా బాలుని వెంటబెట్టుకొని బార్సెలోనా వెళ్ళి, పురపాలక సంగీత పాఠశాలలో గార్సియావద్ద చేర్చింది.

ఆ రోజులలో చెల్లో నేర్పే పద్ధతి విచిత్రమైనది. కుడిచేయి దేహానికి అంటిపెట్టుకొని ఉండవలెనని, అది ఎడముగా పోకుండ చంకలో ఒక పుస్తకం ఇరికించి సాధన చేయించేవారు. ఎడమచేయి బిగుసుకొని ఉండేది. ఒక స్వరంనుండి కొంచెం దూరానగల మరొక స్వరానికి పోవలెనన్నా మొత్తం చేయి తీగవెంట జారవలసివచ్చేది. ఆ జారుడులో నాదానికి అక్కరలేని ఈడుపు అంటుకునేది. ఇదంతా పరంపరగా వచ్చినదే గనుక ఎవ్వరికీ తప్పుగా తోచలేదు. ఈ కుర్రవానికి మాత్రం తోచింది. చేయి ఎందుకు కట్టివేయాలి? వ్రేలు చాచితే అందే స్వరానికి చేతినంతా ఎందుకు జరపాలి? ఇట్టి ప్రశ్నలను నోటితో గాక సాధనతోనే విచారించాడు. కుడిచేతిని స్వేచ్ఛగా విడిచాడు. ఎడమచేతి వ్రేళ్ళను విప్పార్చి, చాచి, ఉన్నచోటునుండే ఎక్కువ స్వరాలు అందుకొనే మార్గం కనిపెట్టాడు. ఇరువదవ శతాబ్దంలో చెల్లో వాదనమంతా ఈ మార్గాన్నే అనుసరించింది.

విద్యార్థిగా ఉంటూనే పొట్టపోసుకొనడానికి గ్రాసియా పేటలోని తోస్త్ కాఫీహోటలులో ముగ్గురు వాద్యకారుల మేళంలో చేరాడు. రోజుకు 4 పెసెటాలు కూలి. పలహారాలు తినే జనుల సందడిలో నృత్యపు పాటలు వాయించవలెను. కొంతకాలానికి యజమానిని ఒప్పించి వారానికొక సాయంకాలం శాస్త్రీయ సంగీతం వినిపించే ఏర్పాటు చేశాడు. ఆ సాయంకాలాలకు జనం క్రమంగా పెరిగారు. ప్రసిద్ధ స్వరకర్త ఈసాక్ అల్బేనిస్ అచ్చటనే ఆ బాలుని విని ముగ్ధుడయ్యాడు.

1890లో, పదమూడేండ్ల ప్రాయంలో, ఆయన జీవితాన్ని మలుపుత్రిప్పిన సంఘటన జరిగింది. తండ్రి కుమారుని చూడ బార్సెలోనా వచ్చి, అతనికి తొలిసారిగా పూర్తి పరిమాణంగల చెల్లోను కొనిపెట్టాడు. కాఫీహోటలులో వాయించడానికి కొత్త స్వరలిపి కావలసి, ఇద్దరూ రేవుచెంతగల దుకాణాలు గాలిస్తుండగా ఒకచోట మాసిపోయిన ప్రతి ఒకటి కనిపించింది. అవి యొహాన్ సెబాస్టియన్ బాఖ్ ఒంటరి చెల్లోకై రచించిన ఆరు సూట్లు. సూట్ అనగా ఒక ప్రస్తావనతో ప్రారంభమై, వేర్వేరు నాట్యగతులలో సాగే స్వరరచనల మాల. ప్రతి సూట్‌లోను ఆరేసి భాగాలుంటాయి. జర్మనీ దేశీయుడైన బాఖ్ 1720 ప్రాంతాన వీటిని రచించాడు. అటుపిమ్మట వీటిని వాయించేవారు అరుదైపోయారు. వాయించిన ఏ కొద్దిమందియో వీటిని వ్రేళ్ళ కసరత్తుగా భావించి, ఒకటి రెండు తునకలను మాత్రమే సభలకు తెచ్చేవారు. మొత్తం సూట్‌ను ఆద్యంతం వినిపించే సాహసం ఎవరూ చేసేవారు కారు.

బాలుడు ఆ ప్రతిని ఇంటికి తెచ్చుకొని నాటినుండి సాధన ప్రారంభించాడు. అట్టి నిధి చేజిక్కిన ప్రతిభాశాలి మరునెలలోనే దానిని సభలో ప్రదర్శింపగోరడం సహజం. కజాల్స్ అట్లా చేయలేదు. ఒక ఏడు గడిచింది, రెండేండ్లు గడిచాయి, పదేండ్లు గడిచాయి. ప్రతిదినం వాటిని వాయించుకుంటూనే ఉన్నాడు గాని, నలుగురిలో వినిపించలేదు. దాదాపు పన్నెండు సంవత్సరాల ఏకాంత సాధన తరువాతగాని ఒక పూర్తి సూట్‌ను సభాముఖాన వాయించే ధైర్యం చేయలేదు. ఒంటరితీగల వాద్యంపై బాఖ్ ఎన్ని గొంతుకలను ఏకకాలంలో సూచించాడో, ఏ నాట్యానికి ఏ నడక ప్రాణమో, ఎక్కడ కమాను ఊపిరి తీసుకోవలెనో, ఇవన్నీ ఒక్కొక్కటిగా తేల్చుకొనడానికి ఆ కాలం పట్టింది. లోకం కసరత్తు అనుకొన్నది కావ్యమని నిరూపించినవాడు ఆయన.

ఈలోగా బ్రతుకు తన పరీక్షలు తాను పెట్టసాగింది. అల్బేనిస్ ఇచ్చిన పరిచయలేఖతో మాడ్రిడ్ నగరం చేరి, మోర్ఫీ ప్రభువు ఆదరం సంపాదించాడు. రాణి మారియా క్రిస్టీనా నెలకు 250 పెసెటాల వేతనం ఏర్పరచింది. ఆ నగరంలో వయొలిన్ విద్వాంసుడు హెసూస్ దె మొనస్తేరియో వద్ద బృందవాదన రహస్యాలు నేర్చాడు. శ్రుతిశుద్ధి విషయంలో రాజీ కూడదన్న నియమం ఆ గురువువద్దనే దృఢపడింది. పిమ్మట 1895లో బ్రస్సెల్స్ సంగీత విద్యాలయానికి వెళ్ళాడు. అచ్చటి ఆచార్యుడు విద్యార్థులందరి ఎదుట ఈ కొత్తవానిని పరిహసించాడు. కజాల్స్ వాయించి చూపిన పిమ్మట అదే ఆచార్యుడు చేర్చుకొనడానికి ఉత్సాహపడినా, అభిమానధనుడైన ఆ యువకుడు అంగీకరింపక మరునాడే పారిస్ వెళ్ళిపోయాడు. ఫలితంగా రాణి వేతనం ఆగిపోయింది. పారిస్‌లో ఒక వినోదశాలలో రోజుకు 4 ఫ్రాంకులకు వాయించాడు. తల్లి కుట్టుపని చేసింది. అదీ చాలక తన పొడవైన జుట్టును కత్తిరించి అమ్ముకున్నది. చివరకు జబ్బుపడి బార్సెలోనాకు తిరిగివచ్చాడు. 1896లో గార్సియా దేశం విడిచి వెళ్ళగా, గురువుగారి స్థానం శిష్యునికి దక్కింది. 1899లో లండన్‌లోను, పారిస్‌లో లమూరో వాద్యబృందంతోను వాయించిన కచేరీలతో ఆయన పేరు ఐరోపా అంతట మారుమ్రోగింది.

ఇంతటి విద్వాంసునికి ఒక జీవితకాలపు వ్యాధి ఉండేది. అది సభాభీతి. వేదిక ఎక్కే ప్రతిసారి గుండె దడదడలాడేది. 1901లో అమెరికా పర్యటనలో సాన్‌ఫ్రాన్సిస్కో సమీపానగల తమాల్పయిస్ కొండ ఎక్కి దిగుతుండగా, పైనుండి దొర్లిన బండరాయి ఎడమచేతిపై పడి వ్రేళ్ళను నలగగొట్టింది. ఆ క్షణంలో తనకు కలిగిన మొదటి తలపు దుఃఖం కాదనీ, ఇక చెల్లో వాయింపనక్కరలేదన్న ఊరట అనీ ఆయన తరువాతి కాలంలో దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. వాద్యాన్ని ప్రాణంగా ప్రేమించినవానికే వాద్యం ఎంతటి బరువో ఈ ఒక్క తలపు తెలుపుతున్నది. కొన్ని నెలలకు చేయి స్వస్థత పొందింది. తప్పించుకొనే దారి తనంత తానుగా వచ్చినా, వ్రేళ్ళు కదలగానే ఆయన మళ్ళీ కమాను చేపట్టాడు. భీతి పోలేదు, సాధనా పోలేదు. భీతి పోయినపిమ్మట వాయిద్దామని కూర్చుంటే ఆయన జన్మలో వాయించి ఉండేవాడు కాడు.

ఆయన దినచర్య మిక్కిలి సరళమైనది. ఉదయం లేవగానే కాసేపు బయట తిరిగివచ్చి, ముందుగా పియానోవద్ద కూర్చుండి బాఖ్ రచించిన ప్రెల్యూడు, ఫ్యూగు వాయించేవాడు. ఇది ఇంటికి మంగళాచరణం వంటిదని ఆయన భావన. తరువాత చెల్లో. మన సంగీత విద్యార్థులు సరళీవరుసలతో ఆరంభించినట్లే, లోకం మెచ్చిన పిదపకూడ ఆయన ఆరోహణావరోహణలతో, విలంబగతిలో, ఒక్కొక్క స్వరాన్ని వింటూ ఆరంభించేవాడు. నిన్న వచ్చినది నేడు కూడ వస్తుందన్న ధీమా ఆయనకు లేదు. చెల్లోపై మెట్లు ఉండవు గనుక స్వరస్థానాన్ని ప్రతిసారీ చెవియే కనిపెట్టాలి.

ఆయన సాధనలో నాలుగు అంశాలు ముఖ్యంగా కనిపిస్తాయి. మొదటిది శ్రుతి. పియానోపై స్వరాలు నిశ్చలమైనవి. తీగపై అట్లా కాదు. నిషాదం షడ్జాన్ని చేరగోరునప్పుడు కొంచెం పైకి మొగ్గవలెనని, ప్రతి స్వరం తన గమ్యంవైపు ఆకర్షింపబడుతుందని ఆయన బోధించేవాడు. రాగాన్నిబట్టి స్వరస్థానపు ఛాయ మారుతుందని ఎరిగిన మనకు ఈ మాట పరాయిదిగా తోచదు. రెండవది ఎడమచేతి వ్రేళ్ళ పనితనం. వ్రేలు తీగపై సుత్తివలె స్పష్టంగా పడాలి. అప్పుడే వేగంలో సైతం స్వరం విడివిడిగా వినబడుతుంది. మూడవది విశ్రాంతి. బిగువు ఉన్నంతసేపు చేయి అలసిపోతుంది. కనుక ఎంతటి వేగగతిలోనైనా రెండు స్వరాల నడుమ రెప్పపాటు సందు దొరికినా కండరాలను సడలించుకోవాలి. ఈ సూక్ష్మం తెలియకనే అనేకులు గంటలకొలది శ్రమపడి చేతులు పాడుచేసుకుంటారు. నాలుగవది కమాను. ప్రతి స్వరానికి పుట్టుక, పెరుగుట, తరుగుట అనేవి ఉన్నాయి. నిడివిగల కమానునంతా ప్రతిచోటా వాడనక్కరలేదు; భావానికి కావలసినంతే వాడాలి.

1905 మొదలుకొని వయొలిన్ విద్వాంసుడు జాక్ తిబో, పియానో విద్వాంసుడు ఆల్ఫ్రెడ్ కోర్తోలతో కలిసి ఆయన వాయించిన త్రయం విఖ్యాతమైనది. కాని ఖండాంతర యశస్సు తన ఊరికి ఏమి చేసిందన్న చింత ఆయనను వీడలేదు. 1920లో బార్సెలోనాలో స్వంత ధనంతో ఒక మహావాద్యబృందాన్ని నెలకొల్పాడు. వాద్యకారులకు అంతకుముందున్న కూలికంటే రెట్టింపు ఇచ్చాడు. సాధన మొదలుపెట్టవలసిన తరుణంలో తానే తీవ్రంగా జబ్బుపడ్డాడు. ఐనను వేతనం ఆపలేదు. ప్రతి ఉదయం వచ్చి తమంత తాము సాధన చేసుకొమ్మని కబురంపాడు. వారు అట్లే చేశారు. కొన్నేండ్లపాటు ఆ బృందానికి వచ్చిన నష్టమంతా ఆయన జేబునుండే తీరింది. 1926లో కార్మికులకై కచేరీ సంఘం ఏర్పడింది. నెలకు 500 పెసెటాలలోపు జీతంగలవారే అందులో సభ్యులు. సాలుకు 6 పెసెటాల చందా. ఆదివారం ఉదయాలలో యంత్రశాలల శ్రామికులు బీతోవెన్‌ను, బాఖ్‌ను విన్నారు.

1936 జూలై 18వ తేదీ సాయంకాలం ఆ బృందం బీతోవెన్ తొమ్మిదవ సింఫనీ సాధన చేస్తూ ఉంది. చివరి భాగానికి రాబోతుండగా సైన్యం తిరుగుబాటు చేసిందనీ, మరునాటి కచేరి రద్దయిందనీ, అందరూ ఇండ్లకు పొమ్మనీ వార్త వచ్చింది. మళ్ళీ ఎప్పుడు కలుసుకుంటామో తెలియదు, విడిపోయేముందు పూర్తిచేద్దామా అని కజాల్స్ అడిగాడు. అందరూ ఒప్పుకున్నారు. మానవసౌభ్రాత్రాన్ని చాటే ఆ గానాన్ని, శ్రోతలు లేని ఆ శాలలో, కన్నీళ్ళతో చివరివరకు వాయించారు. అనంతరం అంతర్యుద్ధం దేశాన్ని దహించింది. ఆ సంక్షోభకాలంలోనే, 1936 నుండి 1939 వరకు లండన్, పారిస్ నగరాలలో ఆయన బాఖ్ ఆరు సూట్లనూ గ్రామఫోను పళ్ళేలకెక్కించాడు. అర్ధశతాబ్దికి సమీపించిన సాధన ఆ రికార్డులలో నిక్షిప్తమైంది.

1939లో జనరల్ ఫ్రాంకో విజయం సాధించగా, కజాల్స్ ఫ్రాన్సు దేశపు సరిహద్దునగల ప్రాద్ అనే చిన్న ఊరిలో తలదాచుకున్నాడు. ఆ పరిసరాల శిబిరాలలో తన దేశీయులు వేలకొలది ఆకలితో, చలితో అల్లాడుతున్నారు. ప్రపంచమందలి మిత్రులకు ఉత్తరాలు వ్రాసి ధనం, ఆహారం, వస్త్రాలు తెప్పించి పంచాడు. ఫ్రాన్సును జర్మనులు ఆక్రమించిన కాలంలో అధికారులు వచ్చి బెర్లిన్‌లో వాయింపుమని ఆహ్వానించారు. భుజానికి వాతమని చెప్పి తిరస్కరించాడు. ఆ తిరస్కారం ప్రాణాపాయకరమని తెలిసియే చేశాడు.

యుద్ధం ముగిసింది. హిట్లర్ పతనంతో ఫ్రాంకో ప్రభుత్వం కూడ కూలుతుందని ఆయన ఆశించాడు. విజేతలైన ప్రభుత్వాలు దానిని సహించి ఊరకున్నాయి. అప్పుడు, 1945లో, ఇంగ్లండు పర్యటన మధ్యనే కచేరీలు మానుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు ఇవ్వజూపిన గౌరవపట్టాలను కూడ త్రోసిపుచ్చాడు. ఆ పిమ్మట సభాముఖాన మౌనం వహించాడు. తనకుగల ఆయుధమొక్కటే; దానిని మ్రోగించకుండుటయే దాని ప్రయోగమని నిశ్చయించుకున్నాడు.

ఇక్కడ ఆలోచింపదగిన విషయమొకటి ఉన్నది. కచేరి లేనివానికి సాధన ఎందుకు? ధనం రాదు, చప్పట్లు రావు, వినేవారు లేరు. ఐనను ప్రాద్‌లోని చిన్న ఇంట ప్రతి ఉదయం పియానోపై బాఖ్ మ్రోగుతూనే ఉన్నాడు. చెల్లోపై ఆరోహణావరోహణలు సాగుతూనే ఉన్నాయి. సభకోసమే సాధన చేసేవాడైతే ఈ కాలంలో ఆయన చేతులు మొద్దుబారి ఉండేవి. బాల్యంలో పన్నెండేండ్లు ఎవరికీ వినిపించక సాధన చేసినవాడు గనుకనే, డెబ్బదవ పడిలో ఎవరూ వినకున్నా సాధన చేయగలిగాడు.

1950లో బాఖ్ మరణించి రెండు శతాబ్దాలు నిండాయి. వయొలిన్ విద్వాంసుడు అలెగ్జాండర్ ష్నైడర్ పట్టుదలతో, కజాల్స్ లోకంలోకి రాకపోతే లోకమే ప్రాద్‌కు వస్తుందన్న సూత్రంపై ఉత్సవం ఏర్పాటయింది. వివిధ దేశాలనుండి విద్వాంసులు ఆ కుగ్రామానికి చేరారు. జూన్ నెలలో ఆ ఊరి చర్చిలో, 73 ఏండ్ల వృద్ధుడు చెల్లోను ఒడిలో నిలిపి బాఖ్ మొదటి సూట్ ప్రారంభించాడు. ఏండ్ల మౌనం వీడినప్పుడు వ్రేళ్ళు ఎక్కడా తడబడలేదు.

1955లో తొలిసారిగా తల్లి పుట్టిన గడ్డయైన పోర్టో రికోను దర్శించి, పిమ్మట అక్కడనే స్థిరపడ్డాడు. 1957 ఏప్రిల్‌లో ఉత్సవ సాధన చేయిస్తుండగా గుండెపోటు వచ్చింది. ఎనుబదేండ్ల వయస్సులో అట్టి దెబ్బ తగిలినవాడు తిరిగి వాద్యం పట్టడమే అరుదు. ఆయన కొన్ని నెలలకే మళ్ళీ ఒక్కొక్క స్వరంతో మొదలుపెట్టి, మరుసటి ఏడు అక్టోబరు 24వ తేదీన న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సభలో వాయించాడు. 1971లో అదే సభలో, 94వ ఏట, ఆయనకు శాంతిపతకం సమర్పించారు. ఆనాడు ఆయన వాయించినది ఘనమైన రచన ఏదీ కాదు. పక్షుల పాట అనే కటలాన్ జానపద గీతం. తన ఊరి తల్లులు పాడే క్రిస్మసు పాట.

1973 అక్టోబరు 22వ తేదీన సాన్ హువాన్ నగరంలో, 96 ఏండ్ల ప్రాయంలో, కజాల్స్ దివంగతుడయ్యాడు. ఫ్రాంకో పాలన సాగినంతకాలం స్వదేశంలో నివసింపనన్న వ్రతం చివరివరకు పాటించాడు. ఫ్రాంకో 1975లో మరణించాడు. 1979లో కజాల్స్ భౌతికావశేషాలను వెండ్రెల్‌కు చేర్చి, జన్మభూమి మట్టిలో ఉంచారు.

నేడు ప్రపంచమంతట చెల్లో నేర్చే ప్రతి విద్యార్థీ బాఖ్ ఆరు సూట్లను వాయించవలసిందే. అవి విద్వాంసులకు గీటురాయి అయ్యాయి. ఆ ప్రతి రేవుచెంతగల దుకాణంలో మరెవరి చేతికైనా చిక్కి ఉండవచ్చు. చిక్కిన తరువాత పన్నెండేండ్లు దానితో ఒంటరిగా కూర్చొనడం మాత్రం అదృష్టం చేసే పని కాదు. ఒక్క తీగ కట్టిన సొరబుర్రపై తెలిసిన పాటలన్నీ వెదికిన బాలుడే, 94వ ఏట నాలుగు తీగలపై ఒక్క పాట వాయించాడు. ఈ రెండింటి నడుమ గడిచిన ఉదయాలన్నీ సాధనకే చెందాయి.